ఎక్కడికని అడగలేదు

ఆ ఏడు దసైన్ పండగకి ముందే మా అత్త నోటికి తాళం వేశాను. వేసింది నేనే. ఇంకొకరి మీదికి నెట్టడానికి లేదు.

మా అత్త ఛిమీని ఊరంతా ఆమా అనే పిలుస్తారు, నేనూ అంతే. అప్పటికి ఆవిడకి డెబ్భై రెండేళ్ళు. పొద్దున్నే పెరటి రాతిగోడ మీదికి ఎండ రాగానే పాత గొంగడి పరుచుకుని, జపమాల పట్టుకుని కూర్చునేది. మా లాడ్జి వెనక గేటు దాటాక కొండ మలుపులో దారి మూడుగా చీలుతుంది. ఒకటి కనుమకి, ఒకటి సరస్సుకి, ఒకటి గుహలో ఉన్న మఠానికి. గేటు తీసింది ఊరివాళ్ళైనా, కంచరగాడిదలు తోలేవాళ్ళైనా, ఎండకి ముక్కు తోలు ఊడొచ్చిన తెల్లవాళ్ళైనా, ఆవిడ జపం ఆపి మూడే అడిగేది. "ఎక్కడికి? తిన్నావా? ఒక్కడివేనా?"

మా ఊళ్ళో అది పలకరింపు. జవాబు నిజం కానక్కర్లేదు. "ఇలా పైకి" అంటే సరిపోతుంది. అడగకుండా మొహం తిప్పుకుంటేనే, వీళ్ళకీ వాళ్ళకీ ఎక్కడ చెడిందని నలుగురూ ఆరా తీస్తారు.

విదేశీవాళ్ళ కోసం ఆ మూడూ ఇంగ్లీషులో కూడా నేర్చుకుంది మహాతల్లి. "వేర్ గో? రైస్ ఈట్? అలోన్?" అక్కడితో ఆగితే బాగుండేది. ఆడపిల్ల ఒంటరిగా కనిపిస్తే "హస్బెండ్ నో? బేబీ నో? వై?" అని కూడా అడిగేది. ఒకమ్మాయి ఆ 'వై'కి జవాబు చెప్పలేక గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. పోయాక ఫోనులో మా లాడ్జికి రెండు నక్షత్రాలిచ్చి, 'గదులు శుభ్రం, తిండి బాగుంది, కానీ ముసలావిడ పోలీసులా ప్రశ్నిస్తుంది' అని రాసింది. అది చదివి నాకు తల కొట్టేసినట్టయింది. ఆమాకి చెబితే, "పోలీసు ఒంటరిగా ఉన్నావా అని అడుగుతాడా? తిన్నావా అని అడుగుతాడా?" అని నన్నే ఎదురడిగింది.

ఆ భాద్రం నెలలోనే కాట్మండూ నుంచి నిశ్చల్ సర్ వచ్చాడు. పెద్ద ట్రెక్కింగ్ కంపెనీ మనిషి. ఊళ్ళో ఉన్న నాలుగు లాడ్జిలవాళ్ళనీ మా భోజనాల హాల్లోనే కూర్చోబెట్టి చెప్పాడు. వచ్చే వసంతం నుంచి వాళ్ళ గ్రూపులన్నీ ఒకే లాడ్జిలో దిగుతాయట. చలి ముదిరే మంగ్సిర్ నెలాఖరుకి ఎవరి నక్షత్రాలు నాలుగున్నర దాటితే వాళ్ళకే.

"మనం ఆప్యాయత అనుకుంటాం దీదీ, వాళ్ళకది విచారణ," అన్నాడు నాతో. "తినమని బలవంతం పెట్టకండి. వయసడక్కండి. వాళ్ళకి కావలసింది వేడినీళ్ళు, వైఫై, ఏకాంతం. ఇంతే."

మాకు అప్పటికి నాలుగూ పాయింటు ఒకటి ఉంది. జీపు రోడ్డు పడ్డాక నడిచి వచ్చేవాళ్ళు సగానికి సగం తగ్గిపోయారు. మా ఆయన ఫుర్బా అప్పటికే మలేషియాలో గ్లవ్స్ ఫ్యాక్టరీ పనికి ఏజెంటుకి పాస్‌పోర్టు ఇచ్చి వచ్చాడు. మూడేళ్ళ ఒప్పందం. వస్తానో రానో మంగ్సిర్ దాటేలోపు చెప్పమన్నారు. గ్రూపులు మాకు వస్తే ఉంటాడు, రాకపోతే పోతాడు. మా ఊళ్ళో అలా పోయినవాళ్ళలో ఇద్దరు పెట్టెల్లో తిరిగొచ్చారు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్ళం కాదు.

సర్ వెళ్ళిన రోజే ఆమా ముందు కూలబడ్డాను.

"ఇకమీదట ఎవర్నీ ఏమీ అడగకు ఆమా."

"ఏమీ అంటే?"

"ఎక్కడికని, తిన్నావా అని, పెళ్ళయిందా అని. ఏమీ వద్దు."

"మరేం అడగను?"

"అడగొద్దనే కదా చెబుతున్నాను! నమస్తే అను, నవ్వు. చాలు."

"నమస్తే అని నవ్వి ఊరుకుంటే పిచ్చిదాన్ననుకోరూ?"

"వాళ్ళలో అదే మర్యాద."

"చాల్లే బుహారీ," అంది. మాలో అత్తలు కోడల్ని అలాగే పిలుస్తారు. "కళ్ళముందు మనిషి పోతుంటే ఎక్కడికని అడక్కపోవడం ఎక్కడి మర్యాదే? మేకపిల్ల గేటు దాటితేనే అరుస్తామే!"

నాకు ఒళ్ళు మండింది. "సరే అయితే, అడుగు. నీ కొడుకు పెట్టె సర్దుకుని జీపెక్కుతాడుగా, అప్పుడు తీరిగ్గా అడుగు ఎక్కడికని."

ఆవిడ జపమాల తీసుకుని లేచి వెళ్ళిపోయింది. ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ పనిచేసింది.

అంటే, వెంటనే పనిచేయలేదు. డెబ్భై ఏళ్ళ అలవాటు ఒక్క పూటలో పోతుందా? గేటు కిర్రుమంటే చాలు, నోరు దానంతటదే తెరుచుకునేది. అందుకని నేనొక ఉపాయం పట్టాను. వంటింటి కిటికీ సరిగ్గా గోడకి ఎదురుగా ఉంటుంది. ఆవిడ "వే..." అనగానే గరిటెతో కిటికీ చువ్వ మీద టక్కుమని కొట్టేదాన్ని. ఆవిడ ఉలిక్కిపడి నావైపు చూసేది. తర్వాత వాళ్ళవైపు తిరిగి, "నమస్తే" అని పళ్ళు లేని నోటితో నవ్వేది. బడిలో పంతులు నవ్వమంటే నవ్వినట్టుండేది ఆ నవ్వు. ఫుర్బాకి అది నచ్చలేదు. "మా అమ్మని కోతిలా ఆడిస్తున్నావు," అన్నాడు ఓసారి. "అయితే నువ్వు మలేషియా పో," అన్నాను. గొడవ అంతటితో ఆగింది.

దసైన్ వచ్చింది, పోయింది. నక్షత్రాలు పెరిగాయి. నాలుగూ పాయింటు రెండు. తర్వాత మూడు. తిహార్ దీపాల రోజుకి పాయింటు నాలుగు. ఆమా ఊరివాళ్ళని కూడా అడగడం మానేసింది. పక్కింటి పాసాంగ్ ఉప్పుకోసమని వచ్చి, గుసగుసగా అడిగింది. "ఏమే దీకీ, మీ అత్తకి ఒంట్లో బాగుండటం లేదా? నిన్న నేను కట్టెల మోపుతో ఎదురుగా పోయినా ఎక్కడికే అనలేదు. నామీదేమన్నా కోపమా?"

"కోపం లేదు ఏమీ లేదు. లాడ్జి గొడవ," అన్నాను. ఆవిడ నమ్మలేదు.

తిహార్ అయిన వారానికి యారి వచ్చాడు.

ఫిన్లాండ్ మనిషి. నలభై దాటి ఉంటాయి. గుమ్మాలకి తల తగిలేంత పొడుగు. భోజనాల హాల్లో పొయ్యి చుట్టూ అందరూ చేరినా, తను మాత్రం మూల బల్ల దగ్గర కూర్చునేవాడు. చిన్న కప్పు టీ ఇచ్చినా థాంక్యూ, చెంచా ఇచ్చినా థాంక్యూ, తలుపు వేసినా థాంక్యూ. "ఎందుకే వీడికిన్ని థాంకులు? మనమేమన్నా దానం చేస్తున్నామా?" అని ఆమా నవ్వింది. కానీ తిన్న కంచం తనే తీసుకొచ్చి వంటింట్లో కడగబోతే మాత్రం ఆవిడ మొహం చిన్నబోయింది. అతిథి చేత అంట్లు తోమించిన ఇల్లని పేరు రాదూ? నేను లాక్కోబోయాను. అతను వదల్లేదు. ఇద్దరం ఒక కంచం పట్టుకుని కాసేపు థాంక్యూ, నో, థాంక్యూ, నో అనుకున్నాం. చివరికి అతనే కడిగాడు.

రెండో రోజు సాయంత్రం పొయ్యి పక్కన ఫోనులో ఏదో రాసుకుంటూ కూర్చున్నాడు. నేను పిడకలు వేస్తుంటే తల ఎత్తి, తనంతట తనే మాట్లాడాడు. అదే మొదటిసారి.

"మీ ఇల్లు బాగుంది దీదీ. ప్రశాంతంగా ఉంది."

నేను లోపలికెళ్ళి ఆమాతో గొప్పగా చెప్పుకున్నాను. ఆవిడ బక్వీట్ పిండి కలుపుతోంది. పిండి మీదినుంచి కళ్ళెత్తకుండానే అంది, "వాడికేదో మనేద ఉందే. అన్నం మధ్యలో ఆగిపోతున్నాడు. ఏమైందని అడగవే."

"మనకెందుకు?"

"మనింట్లో అన్నం తింటున్నాడు గదే."

"ఆమా!"

"సరే సరే. అడగను," అంది.

మూడో రోజు పది గంటలప్పుడు నేను కిటికీ దగ్గర వెల్లుల్లి వలుస్తున్నాను. ఫుర్బా పైకప్పు మీద నీళ్ళ గొట్టం బాగుచేస్తున్నాడు. గేటు కిర్రుమంది. చూస్తే యారి. చిన్న సంచీ, పల్చటి నీలం కోటు, చేతికర్ర కూడా లేదు. ఆమా జపమాల ఆగింది. ముందు అతన్ని చూసింది, తర్వాత శిఖరం వైపు చూసింది. శిఖరం మీద అరచేయంత మబ్బుంది, అంతే. ఆవిడ నోరు తెరిచింది.

"వే..."

నేను గరిటె కొట్టాను.

ఆమా నావైపు చూసింది. యారి వెనక్కి తిరిగి ఇద్దరినీ చూసి, కొంచెం తలవంచి, "నమస్తే" అన్నాడు. గేటు మళ్ళీ జాగ్రత్తగా మూసి గడియ పెట్టి వెళ్ళాడు. నేను వెల్లుల్లి వలుచుకున్నాను.

మధ్యాహ్నం రెండింటికి మబ్బు ఊరిమీదికి దిగింది. మూడింటికి మంచు మొదలైంది. మొదట పిండి జల్లినట్టు పడింది, తర్వాత ఎదురిల్లు కనబడలేదు. చీకటి పడే వేళకి హాల్లో అందరూ వచ్చారు, మూల బల్ల ఖాళీగా ఉంది.

ఫుర్బా తలపాగా చుట్టుకుంటూ వచ్చాడు. "ఎటు పోయాడు?"

నేను ఆమా వైపు చూశాను.

"గేటు దాటాడు," అంది ఆవిడ.

"దాటాక? మలుపులో ఎటు తిరిగాడు?"

నాకప్పుడు అర్థమైంది. రోజూ ఆ గోడమీద కూర్చుని, ఎవరు ఏ దారి పట్టారో కొండ చివరిదాకా కళ్ళతోనే సాగనంపే మనిషి, ఆ పూట కిటికీ వైపు చూసింది. నేను చూడమంటేనే చూసింది.

అతని గదిలో పటం పరిచి ఉంది. కనుమ చుట్టూ పెన్సిల్‌తో గుండ్రంగా గీసి ఉంది. అదొక్కటే ఆధారం. తెల్లారగానే ఫుర్బా, ఇంకా ఏడుగురు మగవాళ్ళు కనుమ దారి పట్టారు. ఇంకో ఇద్దరు సరస్సు దారిలో మొదటి మలుపుదాకా వెళ్ళి, మోకాలి లోతు మంచులో అడుగు జాడ లేదని తిరిగొచ్చారు. రాత్రంతా మంచు పడ్డాక జాడ ఎక్కడుంటుంది? ఆ మాట కూడా మాకు తర్వాతే తోచింది. రెండు రోజులు కనుమంతా జల్లెడ పట్టారు. అతను గేటు దాటిన నాలుగో రోజు హెలికాప్టరొచ్చి అదీ కనుమ మీదే తిరిగింది.

పోలీసు చౌకీ హవల్దార్ మా హాల్లో కూర్చుని కాగితాలు నింపాడు. మా ఊరి అల్లుడే. "ఎక్కడికి పోతున్నానని చెప్పాడు?"

"చెప్పలేదు."

"మీరడిగితే ఏమన్నాడు?"

"అడగలేదు."

అతను పెన్ను ఎత్తి నన్ను వింతగా చూశాడు. "ఈ ఇంట్లోంచి మనిషి బయటికి పోతే అడగలేదా? నేను చౌకీకి పోతుంటేనే రోజూ అడుగుతుందే మీ అత్త!"

"ఈమధ్య మానేసింది," అన్నాను. అతను ఆ గడిలో ఏం రాశాడో నేను చూడలేదు.

ఆరో రోజు అతని అక్క వచ్చింది. పేరు మెర్యా. బడిలో లెక్కలు చెబుతుందట. తమ్ముడిలాగే పొడుగు, అదే మెల్లగొంతు. "ఇక్కడ కూర్చోవచ్చా? ఈ కిటికీ తెరవచ్చా? నీళ్ళు తీసుకోవచ్చా?" ప్రతిదానికీ అడిగేది. మనసులో ఏముందో మాత్రం ఎవర్నీ తెలుసుకోనివ్వలేదు. తమ్ముడి గదిలోనే ఉంటానంది. అతని పక్క మీద సర్ది ఉన్న దుప్పటి అంచు కూడా కదపకుండా రెండో మంచం మీద పడుకుంది.

మర్నాడు మధ్యాహ్నం పొయ్యి దగ్గర ఆమా, నేను, ఆవిడ ముగ్గురమే ఉన్నాం. మెర్యా కప్పు రెండు చేతుల్తో పట్టుకుని, చాలాసేపు ఆలోచించుకుని అడిగింది.

"మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. మా దేశంలో అయితే ఎవరూ అడగరు. మనిషిని అతని మానాన వదిలెయ్యడమే మాకు మర్యాద. కానీ ఇక్కడ, దారి పొడుగునా, జీపు దిగినప్పటినుంచీ ప్రతివాళ్ళూ నన్ను ఎక్కడికి ఎక్కడికి అని అడిగారు. టీ కొట్టు ఆవిడ అడిగింది, చిన్నపిల్లలు అడిగారు. మా తమ్ముణ్ణి ఎవరూ అడగలేదా? ఈ పెద్దావిడ ఇక్కడే కూర్చుంటుందటగా. ఆవిడ అడగలేదా?"

నేను ఆమాకి మా భాషలో చెప్పాలి. చెప్పకుండా పొయ్యిలో పిడక వేశాను. ఆవిడ నా మొహం చూసింది. ఇంగ్లీషు రాకపోయినా ప్రశ్న ఏమిటో ఆవిడకి తెలిసిపోయింది.

"నాకు చూపు ఆనదని చెప్పు," అంది ఆమా. "వాడు పోవడం నేను చూళ్ళేదని చెప్పు."

"ఆమా..."

"చెప్పవే. అలాగే చెప్పు."

చెప్పాను. ఈవిడకి చూపు ఆనదు, పోవడం చూడలేదు అని, నాకొచ్చిన ఇంగ్లీషులో, తప్పులేకుండా చెప్పాను. మెర్యా తల ఊపింది. "థాంక్యూ" అంది ఆమాతో. ఆమా నవ్వింది, నేను నేర్పిన నవ్వే. అప్పుడైనా నిజం చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఇంటి పరువని కాదు, నక్షత్రాలని కూడా కాదు. ఉత్త భయం.

తొమ్మిదో రోజు జడలబర్రెల్ని కిందికి తోలుకొస్తున్న కాపరి చెప్పాడు. సరస్సుకి అరగంట ఇవతల, వేసవిలో వాళ్ళుండే రాతి గుడిసెలో యారి చనిపోయి ఉన్నాడు. కాలు విరిగింది. పాక్కుంటూ గుడిసెలోకి చేరి, అక్కడున్న పిడకలు పేర్చి పొయ్యి రాజేసుకున్నాడు. పిడకలన్నీ అయిపోయాయి.

"ఎన్ని పిడకలున్నాయి అక్కడ?" అనడిగాడు ఫుర్బా.

"రెండు రోజులకి సరిపోయేవి," అన్నాడు కాపరి. "ఎక్కువ ఉంచం గదా."

ఆ రెండు రోజులూ మావాళ్ళు ఎనిమిదిమంది కనుమ మీద పేరు పెట్టి అరుస్తూ తిరిగారు. ఫుర్బా పెరట్లోకి వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. నేను దగ్గరికి పోలేకపోయాను. అందరికంటే ముందు ఆమానే నోరు విప్పింది. "సరస్సుకని చెప్పుంటే, ఇవాళొద్దు బాబూ, మబ్బు చూడు అని చెప్పేదాన్ని," అంది, ఎవరితోనూ కాదు. మళ్ళీ ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. నన్ను ఒక్కమాట అనలేదు. అంటే బాగుండేది. తిట్టినా, కొట్టినా బాగుండేది.

శవాన్ని హెలికాప్టరులో పంపేశారు. అందులో ఇంకొకరికి చోటు లేదన్నారు. మెర్యా జీపులో కిందికి వెళ్ళాలి. అందరికీ పేరుపేరునా చెప్పి వచ్చింది. "మీరంతా ఎంతో మర్యాదగా చూసుకున్నారు. థాంక్యూ," అంది నాతో. నేను తల దించుకున్నాను. జీపు తలుపు తీసి ఒక కాలు లోపల పెట్టింది. అప్పుడు ఆమా గోడ దిగి, గొంగడి ఈడ్చుకుంటూ వచ్చి, ఆవిడ మోచెయ్యి పట్టుకుంది.

"వేర్ గో?" అంది.

డ్రైవరు నవ్వబోయి మానుకున్నాడు. మెర్యా ఆమాని చూసింది. కాలు మళ్ళీ కిందికి దించింది.

"హోమ్," అంది.

"రైస్ ఈట్?"

మెర్యా లేదన్నట్టు తల ఆడించింది.

"అలోన్?"

"ఎస్," అంది. "నౌ, ఎస్." అని, అంత పొడుగు మనిషీ వంగి ఆమా భుజం మీద మొహం పెట్టింది. తమ్ముడు పోయాడని తెలిసిన దగ్గర్నుంచీ ఆవిడ ఏడవడం అదే మొదలు. ఆమా ఆవిడ వీపు మీద చెయ్యి వేసి, ఊళ్ళో పిల్లల్ని జోకొట్టినట్టు కొడుతూ నిలబడింది. నేను లోపలికెళ్ళి ఒక డబ్బాలో వేడి అన్నం, పప్పు పెట్టి తెచ్చాను. అంతకంటే నా చేతనైంది ఏమీ లేదు.

మంగ్సిర్ నెలాఖరున నిశ్చల్ సర్ ఫోను చేశాడు. గొంతులో పండగే.

"దీదీ, నాలుగూ పాయింటు ఆరు! గ్రూపులు మీకే. పాపం ఆ మనిషి సంగతి విన్నాను, బాధే అనుకోండి, కానీ దాని ప్రభావం లాడ్జి మీద పడలేదు. పైగా మీ పేజీలో ఒక రివ్యూ ఉంది చూశారా? అన్నిటికంటే పైన అదే వస్తోంది. మా క్లయింట్లంతా అది చూసే ఒప్పుకున్నారు."

"ఏ రివ్యూ?"

చదివాడు. "'పదకొండు రోజులుగా ఈ దారిలో ప్రతి మనిషీ నన్ను ప్రశ్నలతో వేధించారు. చివరికి ఒక ఇల్లు దొరికింది. ఇక్కడ ఎవరూ మిమ్మల్ని ఏమీ అడగరు. మీ మానాన మిమ్మల్ని వదిలేస్తారు. అయిదు నక్షత్రాలు.' ఎలా ఉంది దీదీ? మనం పడ్డ కష్టమంతా ఇందులో ఉంది!"

"ఎవరు రాశారు?"

"పేరేదో రెండక్షరాలే ఉన్నాయి. కార్తీక్ నెలలోది."

నాకు పొయ్యి పక్కన ఫోను పట్టుకున్న యారి చేతులు కనిపించాయి. "దాన్ని తీసెయ్యండి సర్."

"ఎందుకు? అది బంగారం దీదీ!"

"మీకు దణ్ణం పెడతాను. తీసెయ్యండి."

"నావల్ల కాదు, మీవల్లా కాదు," అన్నాడు, చిన్నపిల్లకి చెప్పినట్టు. "రాసినవాళ్ళే తీసుకోవాలి."

ఫుర్బా మలేషియా వెళ్ళలేదు. పాస్‌పోర్టు వెనక్కి తెచ్చుకుని గోధుమల పెట్టె అడుగున పెట్టాడు. సంతోషించాల్సిన రోజు ముగ్గురం పొయ్యి దగ్గర కూర్చుని ఏమీ మాట్లాడకుండా తిన్నాం.

ఆ సీజనుకి చివరగా వచ్చినవాళ్ళు ఒక కుర్ర జంట. పొద్దున్నే సంచులు తగిలించుకుని వెనక గేటు తీశారు. నేను వంటింట్లో ఉన్నాను. చేతిలో ఏమీ లేదు. గోడమీద ఆమా జపమాల ఆపింది. వాళ్ళవైపు కాదు, ముందు కిటికీ వైపు చూసింది.

"అడుగు ఆమా," అన్నాను.

ఆవిడ నన్నే చూస్తోంది.

"అడుగు, ఎక్కడికో అడుగు!" అని అరిచాను. ఆవిడ అటు తిరిగేసరికి గేటు గడియ పెట్టి ఉంది. వాళ్ళు మలుపు తిరిగిపోయారు.